చంకనెత్తుకున్న నాట్యం

నూకరాజు నడక మారిందని ముందుగా పసిగట్టింది అతని తల్లి పోలమ్మ. మనుషుల కదలికలను కొలవడమే ఉద్యోగమైన కోడలు వినీల కాదు. ఆ ఆదివారం పొద్దున పోలమ్మ చేపల రేవు నుంచి ఖాళీ బుట్టతో తిరిగొచ్చి, వీధి కుళాయి దగ్గర నుంచి బిందె పట్టుకొస్తున్న కొడుకును గుమ్మంలోనే నిలబడి ఎగాదిగా చూసింది. తర్వాత వంటింట్లో ఉన్న కోడలి దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏటే అమ్మీ, ఆడి నడక అలాగుందేటి? సంకలో పిల్లోడున్నట్టు నడుస్తన్నాడు."

వినీల నవ్వబోయింది. కిటికీలోంచి చూసి ఆగిపోయింది. నిండు బిందె రాజు కుడి చేతిలో ఉంది. అలాంటప్పుడు ఎవరైనా ఎడమ చేతిని గాల్లోకి చాపి, ఆ పక్కకు ఒరుగుతారు. రాజు మాత్రం ఎడమ తుంటిని పక్కకు నెట్టి, మోచేయి వంచి, చేతిని ఒంటికి జానెడు దూరంలో చుట్టుకుని వస్తున్నాడు. గడప దగ్గరికి రాగానే, చంకలోని బిడ్డ తల గుమ్మానికి తగలకుండా తల్లులు తిరిగినట్టు, చటుక్కున పక్కకు తిరిగి లోపలికొచ్చాడు.

ఆ తిరగడం వినీలకు తెలుసు. ఏడాదికి పైగా ఆ కదలికను ముక్కలు ముక్కలుగా కోసి తెరమీద మళ్ళీ అతికించింది ఆమే.

వినీల రుషికొండ మీద ఒక యానిమేషన్ సంస్థలో పని చేసేది. ఆ విద్య నేర్చుకునే రోజుల్లో ఆమెకు ఇచ్చిన మొదటి పాఠం ఒక గోనెసంచిని ఏడిపించడం. సంచికి కళ్ళుండవు, నోరుండదు. అది దిగులుగా ఉందని చూసేవాడికి తెలియాలంటే, అది ఎలా కూలబడుతుందో, లేచేముందు ఎంతసేపు తటపటాయిస్తుందో, లోపలి బరువు ఏ మూలకు జారుతుందో చూపించాలి. వినీల గీసిన సంచి కదలడం చూసి, పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ముఖం లేకపోయినా ఒళ్ళు ఏడవగలదని వినీలకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం మీదే 'ఒరవడి' పుట్టింది. పెద్దవాళ్ళు పలకమీద రాసిచ్చిన అక్షరాలను పిల్లలు దిద్దినట్టు, తెరమీది నాట్యాన్ని చూసేవాళ్ళ ఒళ్ళు దిద్దాలని ఆ యంత్రానికి ఆ పేరు పెట్టారు. ఎవరైనా నాట్యం చేస్తుంటే చూసేవాడి కండరాలు కూడా లోలోపల కాస్త కదులుతాయి. ఆ సంగతి వాడికి తెలియదు. ఒరవడికి తెలుస్తుంది. చూసేవాళ్ళ భుజాలకూ నడుముకూ మోకాళ్ళకూ మెత్తటి పట్టీలు కట్టి కూర్చోబెడితే, వాళ్ళ ఒళ్ళు ఎక్కడ పలికితే అక్కడ తెరమీది బొమ్మ కదలికను అది ఇంకాస్త సాగదీస్తుంది. పలకని చోట తగ్గిస్తుంది. అలా సానపట్టగా పట్టగా చూసేవాడి ఒళ్ళు బొమ్మ ఒళ్ళుతో కలిసిపోతుంది. ఒళ్ళు కలిస్తే మనసు దానంతటదే వెనకాల వస్తుందని సంస్థ ప్రయోగశాల అధిపతి డాక్టర్ కౌండిన్య అందరికీ చెప్పేవాడు.

మూలం కోసం విజయనగరం నుంచి మంగతాయారు అనే నాట్యాచార్యురాలిని పిలిపించారు. యాభై దాటిన మనిషి. కోపం, సంతోషం, భయం అన్నీ ఆడి చూపించింది. చివర్లో, రాని ప్రియుడి కోసం ఎదురుచూసే నాయికను ఆడింది. ఒంటికి అతికించిన మెరిసే చుక్కల కదలికలను మాత్రమే కెమెరాలు పట్టుకున్నాయి. ముఖం వదిలేశాయి, చీర వదిలేశాయి. హస్తముద్రలను వినీలే తీసేసింది. చివరికి నల్లటి తెరమీద కొన్ని తెల్లటి గీతలు మిగిలాయి. మిగతా నాట్యాలు ఆ గీతల్లో చప్పబడిపోయాయి. ఎదురుచూపు మాత్రం చప్పబడలేదు సరికదా, ఇంకా చిక్కబడింది.

దాన్ని మొదట చూసినవాళ్ళలో నూకరాజు ఒకడు. వినీలే తీసుకెళ్ళింది. రాజు రేవులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. సినిమాలో తల్లి చచ్చిపోతుంటే వేరుశనగకాయలు ఒలుచుకునే రకం. వాడి చేత కన్నీళ్ళు పెట్టిస్తే ఇంకెవరి చేతనైనా పెట్టించొచ్చని ఆమె అందరిముందూ అంది. రాజు నవ్వుతూ కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద గీతల మనిషి నడిచింది, ఆగింది, వెనక్కి చూసింది. కాసేపటికి రాజు నవ్వు పోయింది. తర్వాత మోకాళ్ళమీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వినీల గర్వంతో కుర్చీ వెనక నిలబడి అతని జుట్టు నిమిరింది. మళ్ళీ చూస్తానని అతనే అడిగాడు. ఆమె మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళింది. అతని ఒంటిమీద దిద్దుకుంటూ ఒరవడి ఇంకా పదునెక్కింది.

ఇప్పుడు ఇంట్లో అతన్నే గమనించసాగింది వినీల. అన్నం ఒంటిచేత్తోనే కలుపుకుంటున్నాడు, ఒంటిచేత్తోనే కంచం తీస్తున్నాడు. చొక్కా బొత్తాలకు ఆమెను పిలుస్తున్నాడు. కుర్చీలో కూర్చుంటే ఎడమపక్క కాస్త చోటు వదులుతున్నాడు. అడిగితే నడుము పట్టిందేమో అన్నాడు. ఎప్పుడూ ఏదో పాట కూనిరాగం తీసే మనిషి, మాట్లాడితే ఎవరికో నిద్రాభంగమవుతుందన్నట్టు గొంతు తగ్గించేశాడు. వినీల ఆఫీసులో చెప్పాలనుకుంది. ఇంకో వారం చూద్దామనుకుంది. ఆ బొమ్మను సినిమాలో పెట్టడానికి నిర్మాతలు వస్తున్న రోజులవి.

ఆ వారంలోనే రేవులో ప్రమాదం జరిగింది. పడవలోంచి ఇంజన్ను గొలుసు కట్టి పైకి లాగుతున్నారు. అది ఊగకుండా రెండు చేతులా ఆపాల్సినవాడు రాజు. కుడి చేయి ఒక్కటే వేశాడు. ఇంజన్ తిరిగి, జారి, అతని పాదం మీద దిగింది. వినీల ఆసుపత్రికి పరిగెత్తేసరికి పాదానికి కట్టు కట్టి పడుకోబెట్టారు. రెండు వేళ్ళు తీసేశారు. పోలమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది.

"నొప్పి సంగతి ఒగ్గేయ్, వినీ," అన్నాడు రాజు. "రెండు సేతులూ ఎయ్యాలని నాకు తెల్దా? ఎడం సెయ్యి తీస్తే ఈడు పడిపోతాడనిపించింది."

"ఎవడు?"

"అదే నాకూ తెల్దు. మనకి పిల్లల్లేరు గదా. మరీడెవుడు?"

పోలమ్మ కోడలి ముఖంలోకి చూసింది.

మర్నాడు వినీల కౌండిన్య గదికెళ్ళి జరిగిందంతా చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు. మంచి నాట్యం ఏదైనా కొన్నాళ్ళు ఒంట్లో ఉండిపోతుందనీ, రాజు పనిలో అలిసిపోయి ఉంటాడనీ, ఇలాంటి మాట బయటికి పొక్కితే ఇంతమంది శ్రమ మట్టిలో కలుస్తుందనీ నచ్చజెప్పాడు. చెబుతూ చెబుతూ మంచినీళ్ళ సీసా తీసుకుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కుడి చేత్తో మూత తిప్పాడు.

వినీల అతని ఎడమ చేతిని చూస్తూ ఉండిపోయింది. అది ఒంటికి జానెడు దూరంలో, వంపు తిరిగి ఉంది.

"సార్, మీ చెయ్యి," అంది.

కౌండిన్య తలవంచి చూసుకున్నాడు. సీసా మోకాళ్ళ మధ్యనే ఉండిపోయింది. "ఎన్నాళ్ళయింది ఇలా?" అని అతనే ఆమెను అడిగాడు, రోగి డాక్టర్ని అడిగినట్టు.

ఆ రోజు నుంచి ఆ గదిలో కుర్చీ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఫోన్లు చేశారు. కొందరు ఏమీ లేదన్నారు. చాలామంది మాత్రం, మీకెలా తెలుసని ఎదురు ప్రశ్నించారు. కాలేజీ కుర్రాడొకడు బండి నడపడం మానేశానన్నాడు. ఒక గృహిణి, ఎవరూ లేని మంచం మీద ఊరికే జోకొడుతున్నానని చెప్పి సిగ్గుపడింది. వినీలకు మాత్రం ఏమీ కాలేదు. ఆమె ఆ నాట్యాన్ని మొదటి నుంచి చివరిదాకా ఏనాడూ ఒక్కసారిగా చూడలేదు. భుజం వేరుగా, మోకాలు వేరుగా, క్షణాలుగా చీల్చుకుని చూసింది. ఇప్పుడూ అలాగే గీతలన్నీ వరసగా పరిచి వెతికింది. నాట్యంలో ఎత్తిన ప్రతి చేయీ ఎక్కడో దిగుతోంది. వేసిన ప్రతి అడుగూ ఎక్కడో ఆగుతోంది. ఎడమ తుంటిమీది బరువొక్కటి మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా అలాగే ఉంది. నాయిక దాన్ని ఎప్పుడూ ఎత్తుకోలేదు, ఎప్పుడూ దించలేదు.

విజయనగరంలో, కోటకు దగ్గరలో ఒక మేడమీద గది మంగతాయారుది. వినీల వెళ్ళేసరికి ఆమె కర్రతో తాళం వేస్తూ ఆడపిల్లలకు అడుగులు నేర్పుతోంది. నిటారుగా కూర్చుంది, నిటారుగా నడిచింది. ఆమెలో ఎక్కడా ఆ వంపు లేదు. పిల్లల్ని పంపేశాక వినీల కంప్యూటర్ తెరిచి ముఖం లేని నర్తకిని చూపించింది. ఏమీ చెప్పలేదు.

తాయారు మొదట తన కాళ్ళు గుర్తుపట్టి నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. చూపుడువేలు తెర మీద, బొమ్మ ఎడమ పక్క ఉన్న ఖాళీ మీద పెట్టింది.

"నేను నాయికను కదమ్మా ఆడింది. వీడెక్కడి నుంచి వచ్చాడు?" అంది.

కాస్త తేరుకున్నాక మెల్లగా చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట ఆమె భర్త నడిపే నాట్య బృందంతో ఊరూరూ తిరిగేది. సాలూరు వైపు ఒక ప్రదర్శన ముగించుకుని వస్తుంటే వానకు రోడ్డు తెగింది, వ్యాను ఆగిపోయింది. చంటివాడికి జ్వరం. ఇంకా నడక రాలేదు వాడికి. వాణ్ణి చంకనెత్తుకుని, కొంగు కప్పి, వానలో పట్నం దాకా నడిచింది. దారిలో ఎక్కడో వాడు ఏడుపు ఆపాడు. నిద్రపోయాడనుకుంది. లేస్తాడేమోనని అక్కడి నుంచి అడుగు మెత్తగా వేసింది. ఆసుపత్రిలో ఎవరో నర్సు వాణ్ణి ముట్టుకుని, ఆమె చేతుల్లోంచి లాగింది. ఆమె ఇవ్వలేదు. ఇంకెవరో వచ్చి లాక్కున్నారు. తర్వాత ఏం జరిగిందో ఆమెకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి పూడ్చిపెట్టి వచ్చేశారు. ఎక్కడని అడగొద్దని భర్త ఒట్టు వేయించుకున్నాడు. కొన్నాళ్ళకే మళ్ళీ గజ్జె కట్టింది. ఈసారి ఎదురుచూసే నాయికను ఆడితే జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ పెట్టుకోలేదు. సాధన ఫలించిందనుకుంది.

"వాణ్ణి నేను దించలేదమ్మా. లాక్కున్నారు," అంది తాయారు.

రాజు పాదం గురించి వినీల అప్పుడు చెప్పింది. మిగతావాళ్ళ గురించి కూడా చెప్పింది. తను అడగబోయేది ఎంత పెద్ద కోరికో తెలిసి, అడగలేక ఊరుకుంది. తాయారే అడిగింది, దించితే వాళ్ళకు తగ్గుతుందా అని. తెలియదని వినీల నిజమే చెప్పింది.

తాయారు ఒప్పుకుని వచ్చిన మధ్యాహ్నం ప్రయోగశాలలో కెమెరాలు తప్ప అన్నీ ఆపేశారు. తాయారు నాయికగా మొదలుపెట్టి, ఆ వంపులోకి వచ్చి, చివరికి నేలమీదికి వంగబోయి లేచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ లేచిపోయింది. చాలిద్దామని కౌండిన్య అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. మంచినీళ్ళు తాగి వచ్చి, ఈసారి తాళం లేకుండా, నాట్యం లేకుండా, ఊరికే నడిచింది. మెత్తగా నడిచింది. గది మధ్యలో ఆగి ఒక మోకాలు వంచింది, రెండోది వంచింది. ఎడమ చేతిని నేలకు ఆనించి, కుడి చేత్తో ఏదో సర్దింది. బిడ్డను పడుకోబెట్టాక తల కింద చేయి అన్నిటికంటే చివర తీస్తారు తల్లులు. ఆ చేయి అక్కడే ఉండిపోయింది. అప్పుడు ఒక్కొక్క వేలే తీస్తున్నట్టు చేయి బయటికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి లేచి నిలబడింది. తేలిగ్గా ఉందా అని వినీల అడిగింది. తాయారు చెప్పులు వెతుక్కుంది.

కొత్త నాట్యాన్ని ఒరవడిలో కలిపి, వచ్చినవాళ్ళందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి చూపించారు. కౌండిన్య చివరి వరసలో కూర్చున్నాడు. రాజు కట్టుకట్టిన కాలు చాపుకుని ముందు కూర్చున్నాడు. తెరమీద గీతల మనిషి వంగుతుంటే, కుర్చీలన్నిటిలోనూ మనుషులు కలిసి ముందుకు వంగారు. చేతులు నేలకు దిగాయి. వినీల తెరను చూడలేదు, వాళ్ళ చేతుల్నే చూసింది. ఒకటొకటిగా అన్నీ పైకి లేచాయి. రాజు చేయి అందరికంటే ఆలస్యంగా లేచింది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో ఆమె భుజం మీద తల వాల్చి గాఢంగా నిద్రపోయాడు. కొన్నాళ్ళకు కుంటుకుంటూనే రెండు చేతులా నీళ్ళబిందె ఎత్తాడు. పోలమ్మ చూసింది. వెళ్ళి పులుసు పొయ్యిమీద పెట్టింది.

పాత నాట్యాన్ని ఎక్కడా నకలు మిగలకుండా వినీల తన చేత్తోనే చెరిపేసింది. సంస్థ ఒరవడికి తాళం వేసింది. కౌండిన్య ఉద్యోగం మానుకుని వెళ్ళిపోయాడు.

తాయారుతో పని అక్కడితో తీరిందనుకుంది వినీల. వానాకాలం వెళ్ళాక తాయారు నుంచి కబురొచ్చింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. ఈసారి మేడమీద పిల్లలు లేరు. వినీలను చాపమీద కూర్చోబెట్టి, తాయారు ఎదురుచూసే నాయికను ఆడింది. అడుగు తప్పలేదు, తాళం తప్పలేదు. కళ్ళు ఎటు తిరగాలో అటు తిరిగాయి. కానీ ఆ నాట్యంలో ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. వినీలకు తల ఎత్తి చూడటం కష్టమైంది.

"చూశావా?" అంది తాయారు, వచ్చి ఆమె పక్కన కూర్చుని. "నాట్యం పోతే పోయిందిలే. దాని కోసం పిలవలేదు నిన్ను. ఇన్నేళ్ళూ వాడు నా దగ్గరే ఉన్నాడని నాకు తెలీదు. నువ్వొచ్చి చెప్పావు. చెప్పినంతసేపు పట్టలేదు, దింపించావు."

ఆ గొంతులో కోపం లేదు. పాత బొమ్మను ఒక్కసారి చూపించమని తాయారు అడిగింది. చెరిపేశానని వినీల చెప్పింది. తాయారు తల ఊపింది. కొంగుతో చెమట తుడుచుకుంది. తర్వాత, ఏదో ఇరుగుపొరుగు సంగతి అడిగినట్టు అడిగింది.

"అందరూ దించేశారా?"

అవునని చెబితే సరిపోయేది. వినీల చెప్పలేకపోయింది. ఒకామె రాలేదు. సువార్త అని, విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. రెండో ప్రదర్శనకు రమ్మని వినీల ఎన్నోసార్లు ఫోన్ చేసింది, ఇంటికి కూడా వెళ్ళింది. ప్రమాదమనీ, రాజు పాదం ఏమైందో చూడమనీ చెప్పింది. సువార్త శ్రద్ధగా విని, కాఫీ ఇచ్చి, తనకు ఇంట్లో ఎవరూ లేరనీ, ఇది ఉంటే తోడుగా ఉందనీ, ఉండనివ్వమనీ అంది. బలవంతంగా తీయించే హక్కు వినీలకు ఎక్కడుంది?

ఆ వారంలోనే తాయారు విశాఖ వచ్చింది. వద్దని వినీల చెప్పి చూసింది. దగ్గరికి వెళ్ళననీ, పలకరించననీ, దూరం నుంచి చూసి వెళ్ళిపోతాననీ తాయారు మాటిచ్చింది. ఆసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద ఇద్దరూ కూర్చున్నారు. పగటి డ్యూటీ దిగేవాళ్ళు గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారు. అంతమందిలో సువార్తను వినీల చూపించాల్సిన అవసరం రాలేదు. తాయారు అప్పటికే లేచి నిలబడింది.

సువార్త గుంపుకు కాస్త ఎడంగా, ఎవరూ తగలకుండా నడుస్తోంది. ఎడమ తుంటి వినీలకు గుర్తున్నదానికంటే ఎక్కువగా పక్కకు వచ్చింది. కుడి భుజం కిందికి వాలింది. రోడ్డు దాటబోతూ ఆమె ఆగింది. జారిపోతున్నదాన్ని సర్దుకుంటున్నట్టు, మడమలెత్తి, తుంటితో ఒక్కసారి పైకి ఎగదోసుకుంది.

ఆ ఎగదోసుకోవడం తాయారు నాట్యంలో ఎక్కడా లేదు. ఒరవడికి ఎవరూ నేర్పలేదు. క్షణం క్షణం కోసి చూసిన వినీలకు అది తెలుసు.

తాయారు రెండు చేతులూ గుండెల దగ్గర పెట్టుకుని, సువార్త బస్సెక్కేదాకా కన్నార్పకుండా చూసింది.

"ఒళ్ళు చేశాడు," అంది.